చెరిపే మీట ఉన్న చిన్న పెట్టె: బ్లూటూత్ ఓబీడీ స్కానర్‌తో ఏడాదిన్నర

నిరుడు జూలైలో, కూకట్‌పల్లి నుంచి నిజాంపేట వైపు వర్షంలో ఇంటికి వస్తుండగా మా కారు డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ ఇంజిన్ బొమ్మ వెలిగింది. అది 2015 నాటి పెట్రోలు బండి. నాలుగు సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజిన్. అప్పటికి 78,000 కిలోమీటర్లు తిరిగింది. మరునాడు దగ్గరలో ఉన్న ఒక సర్వీస్ సెంటరుకు తీసుకువెళ్తే, స్టీరింగు కింద ఏదో తగిలించి, రెండు నిమిషాల్లో ఆ దీపాన్ని ఆర్పేసి, స్కానింగ్ చార్జీ కింద 850 రూపాయలు తీసుకుని పంపించారు. ఏ కోడ్ వచ్చిందని అడిగితే "సెన్సార్ ఎర్రర్ సార్, క్లియర్ చేసేశాం" అన్నారు. అంతకు మించి బిల్లు మీద గానీ, వాళ్ల మాటల్లో గానీ నాకు ఏమీ దొరకలేదు. మూడో రోజు అదే బొమ్మ మళ్లీ వెలిగింది. కారు కంప్యూటరు రాసిపెట్టుకున్న తప్పుల కోడ్‌లను ఫోనులో చూపించి, కావాలంటే చెరిపేసే ఈ పరికరాన్ని ఆ సాయంత్రమే ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలకు తెప్పించుకున్నాను.

అయిదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో అర నక్షత్రం మాత్రమే పరికరం తప్పు. మిగిలిన ఒకటి, అది నా చేతికి ఇచ్చిన ఒక మీటకు సంబంధించినది. దాని గురించే ఈ సమీక్షలో ఎక్కువగా చెప్పవలసి ఉంటుంది.

పరికరం అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. ఒక వైపు 16 పిన్నులు, మరో వైపు చిన్న దీపం, అంతే. పెట్టె మీద చెప్పుకోదగిన కంపెనీ పేరేదీ లేదు. ఈఎల్‌ఎం327 అని, దాని కింద 1.5 వెర్షన్ అని అచ్చు వేసి ఉంది. ఈ అక్షరాల వెనక ఒక చిన్న కథ ఉంది. ఈఎల్‌ఎం ఎలక్ట్రానిక్స్ అనేది కెనడాకు చెందిన ఒక చిన్న సంస్థ. కారు కంప్యూటరుకు, మన ఫోనుకు మధ్య దుబాసీలా పని చేసే చిప్‌ను అది తయారు చేసింది. తొలి వెర్షనులోని ప్రోగ్రాముకు రక్షణ లేకపోవడంతో దాన్ని ఎవరో యథాతథంగా కాపీ చేశారు. అక్కడి నుంచి ప్రపంచమంతటా నకిలీలు పుట్టుకొచ్చాయి. అసలు సంస్థ 1.5 అనే వెర్షనును ఎన్నడూ విడుదల చేయలేదు. 2022లో ఆ సంస్థే మూతపడింది. కాబట్టి నా చేతిలో ఉన్నది పుట్టుకతోనే నకిలీ, పేరులోనూ నకిలీ. అయినా చెప్పిన పని చేస్తుంది. 2.1 అని రాసి ఉన్న మరో చౌక పరికరాన్ని మా బావమరిది 400 రూపాయలకు కొన్నాడు. అది మా బండితో కలవడానికే నిరాకరించింది. లేబుల్ మీది అంకెను చూసి కొనకండి. వద్దనుకుంటే తిరిగి పంపే వెసులుబాటు ఉందో లేదో చూసి కొనండి.

బిగించడం తేలిక. ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్, అంటే బండి తన తప్పులను తానే పట్టుకునే ఏర్పాటు) సాకెట్టు స్టీరింగు దరిదాపుల్లోనే, సాధారణంగా డ్రైవరు మోకాలికి పైన ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ తెరిచి, 1234 అని కొడితే జత అవుతుంది. పాతరకం బ్లూటూత్ ఉన్న ఈ పరికరం ఐఫోనుతో పని చేయదు. అది ఉన్నవారు వైఫై రకాన్ని గానీ, తక్కువ విద్యుత్తుతో నడిచే కొత్త బ్లూటూత్ రకాన్ని గానీ చూసుకోవాలి. యాప్‌ల విషయంలో నేను మొదట టార్క్ వాడాను, తర్వాత కార్ స్కానర్‌కు మారాను. రెండూ ఉచిత రూపంలోనే నాలాంటివాడికి సరిపోతాయి. నాలుగైదు రీడింగులు ఒకేసారి చూడబోతే మాత్రం అంకెలు నత్తనడక నడుస్తాయి. రెండు మూడింటితో సరిపెట్టుకుంటే పరవాలేదు. నేను తగ్గించిన అర నక్షత్రం ఇక్కడిదే.

ఈ సాకెట్టు మన బండ్లలోకి ఎప్పుడు వచ్చిందన్నది పాత కార్లు ఉన్నవారికి ముఖ్యం. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చినప్పుడు, అందులో హైదరాబాద్ కూడా ఉంది, తొలి దశ ఓబీడీ వచ్చింది. 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ వచ్చింది. అంతకు ముందు నాటి బండిలో సాకెట్టు ఉన్నా, ఈ పరికరంతో మాట్లాడుతుందన్న హామీ లేదు. కొనే ముందు మీ బండి ఏ ఏటిదో చూసుకోవడం మంచిది.

ఇక జూలై నాటి కోడ్ సంగతి. యాప్ చూపినది పీ0302. మొదటి అక్షరం ఇంజిన్, గేర్‌బాక్సులకు సంబంధించిన తప్పు అని చెబుతుంది. బ్రేకులు, సస్పెన్షన్ వంటివాటికి సీ, బాడీకి బీ, కంప్యూటర్ల మధ్య సంభాషణకు యూ ఉంటాయి. తర్వాతి సున్నా అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అన్న గుర్తు. అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ తనకు తాను పెట్టుకున్నదని అర్థం. మూడో స్థానంలోని 3 ఇగ్నిషన్ లోపాలను, మిస్‌ఫైర్‌లను, అంటే సిలిండరులో పెట్రోలు సరిగా మండకపోవడాన్ని సూచిస్తుంది. చివరి 02 అంటే రెండో సిలిండరు. మన మెకానిక్కులు "మిస్సింగ్ కొడుతోంది" అనేది దీన్నే. సర్వీస్ సెంటరులో "సెన్సార్ ఎర్రర్" అన్నది ఇదే కోడ్ అయితే, అందులో సెన్సార్ అనే మాటకు చోటే లేదు.

ఆ వర్షపు సాయంత్రం ఆ బొమ్మ నిలకడగా వెలగడమే కాదు, కొంతసేపు మిణుకుమిణుకుమంటూ కొట్టుకుంది కూడా. దాని అర్థం నాకు తర్వాత తెలిసింది. నిలకడగా వెలిగితే వీలైనంత త్వరగా చూపించుకోమని. కొట్టుకుంటే యాక్సిలరేటరు మీద కాలు తగ్గించి, కుదిరిన చోట బండిని పక్కకు ఆపమని. మండని పెట్రోలు సైలెన్సరు వైపు వెళ్లి, పొగలోని కాలుష్యాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టరులో మండితే ఆ వేడికి దాని లోపలి గూళ్లు కరిగిపోతాయి. కన్వర్టరు ధర తెలిసినవాళ్లు ఆ దీపం కొట్టుకుంటుండగా తొమ్మిది కిలోమీటర్లు నడపరు. నేను నడిపాను.

పీ0302 విషయంలో ఈ పరికరం తన డబ్బులు తాను సంపాదించుకుంది. స్పార్క్ ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ ప్రతి సిలిండరు నెత్తిన ఒక్కొక్కటి ఉన్న ఇంజిన్లలో అనుమానం తీర్చుకునే పద్ధతి ఒకటి ఉంది. ఇంజిన్ చల్లారాక, తాళం తీసేసి, రెండో కాయిల్ కప్లరు ఊడదీసి, 10 నంబరు బోల్టు విప్పి, దాన్ని మూడో సిలిండరు మీదికి, మూడో దాన్ని రెండో దాని మీదికి మార్చాను. ఒకటో సిలిండరు ఏ వైపు నుంచి లెక్కించాలన్న సందేహం నాకూ వచ్చింది. మా ఇంజిన్‌లో టైమింగ్ చైన్ ఉన్న వైపు నుంచి. ఆ తర్వాత యాప్‌లో పాత కోడ్ చెరిపేసి, కాలనీ చుట్టూ పది నిమిషాలు తిప్పాను. డాష్‌బోర్డు దీపం ఇంకా వెలగలేదు గానీ, యాప్‌లోని పెండింగ్ జాబితాలో పీ0303 వచ్చి కూర్చుంది. తప్పు కాయిల్‌తో పాటు పక్క సిలిండరుకు నడిచి వెళ్లిందన్నమాట. అది రెండో సిలిండరులోనే ఉండిపోయి ఉంటే స్పార్క్ ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ వరుసగా చూడవలసి వచ్చేది. మర్నాడు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 1,850 రూపాయలు పెట్టి ఒక్క కాయిల్ కొని బిగించాను. సమస్య తీరింది.

పెండింగ్ జాబితా గురించి ఇంకొక మాట. చాలా కోడ్‌ల విషయంలో కారు కంప్యూటరు ఒక్కసారి చూసిన తప్పుకే దీపం వెలిగించదు. వరుసగా రెండు ప్రయాణాల్లో కనిపిస్తేనే వెలిగిస్తుంది. మొదటిసారి చూసినది లోపల రాసి పెట్టుకుంటుంది. ఆ చిత్తు పుస్తకాన్ని మనకు చూపించడం ఈ చిన్న పెట్టెలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం.

కాయిల్ విజయం నా తలకెక్కిందని ఒప్పుకుంటాను. అపార్టుమెంటులో ఎవరి బండిలో దీపం వెలిగినా నా దగ్గరికి వచ్చేవారు. నేను పరికరం తగిలించి, కోడ్ చదివి, అంతర్జాలంలో దాని అర్థం చూసి, గంభీరంగా తల ఊపి చెరిపేసేవాడిని. దీపం ఆరిపోయేది, వారు కాఫీ ఇచ్చేవారు. సర్వీస్ సెంటరువాళ్లు 850 రూపాయలకు చేసిన పనినే నేను కాఫీకి చేస్తున్నానని అప్పట్లో తోచలేదు.

దసరా సెలవులకు ఖమ్మం వెళ్లి పది రోజుల తర్వాత తిరిగి వస్తే బండి స్టార్టు కాలేదు. పరికరాన్ని సాకెట్టులోనే వదిలేసి వెళ్లాను. 16వ పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది. నాలుగేళ్ల పాత బ్యాటరీకి ఆ కొద్దిపాటి ఖర్చే బరువైంది. పైగా 1234 అనే రహస్య సంఖ్య లోకమంతటికీ తెలిసినదే కనుక, దాన్ని తగిలించి వదిలేయడం తలుపు తీసి పెట్టినట్టే. పని అయిన వెంటనే తీసేసి పాత కళ్లజోడు పెట్టెలో పెట్టడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను.

దీని పరిధి ఎంతవరకో కూడా తెలిసి ఉండాలి. నవంబరులో ఒకరోజు బ్రేకులకు సంబంధించిన ఏబీఎస్ దీపం వెలిగితే, యాప్ మాత్రం నిశ్చింతగా "తప్పులేమీ లేవు" అని చూపింది. ఓబీడీ-2 ప్రమాణం పుట్టింది పొగ కాలుష్యాన్ని అదుపు చేయడానికి. అందుకని ఇంజిన్‌కు సంబంధించిన సమాచారం మాత్రమే అన్ని కంపెనీలకూ ఉమ్మడి భాషలో ఉంటుంది. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు ఆయా కంపెనీల సొంత భాషలో మాట్లాడతాయి. వాటికి వేలల్లో, కొన్నిసార్లు లక్షల్లో ఖరీదు చేసే స్కానర్లు కావాలి. ఎయిర్‌బ్యాగు దీపం వెలిగినప్పుడు ఈ పెట్టె ఏమీ చూపలేదు కదా అని ఊరుకోవడం ప్రాణాలతో చెలగాటం.

పాత కారు కొనేవారికి మాత్రం దీన్ని కళ్లు మూసుకుని సిఫార్సు చేస్తాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక మిత్రుడు 52,000 కిలోమీటర్లు తిరిగిన బండి చూశాడు. నన్ను వెంట తీసుకువెళ్లాడు. బండి తళతళలాడుతోంది, ఒక్క కోడ్ కూడా లేదు. అయితే కోడ్‌లు చెరిపినప్పుడు కంప్యూటరు చెరిపేది కోడ్‌లను మాత్రమే కాదు; ఆక్సిజన్ సెన్సార్లు, కన్వర్టరు వంటి ఒక్కొక్క భాగాన్ని పరీక్షించి "సిద్ధం" అని రాసుకున్న గుర్తులను కూడా తుడిచేస్తుంది. ఆ పరీక్షలన్నీ మళ్లీ పూర్తి కావాలంటే రకరకాల వేగాల్లో కొన్ని రోజులు నడవాలి. ఆ బండిలో సగానికి పైగా పరీక్షలు అసంపూర్తిగా ఉన్నాయి. అంతకంటే సూటి సాక్ష్యం మరొకటి దొరికింది: కోడ్‌లు చెరిపిన తర్వాత ప్రయాణించిన దూరం అనే అంకెను కంప్యూటరు విడిగా లెక్కిస్తుంది. అది 11 కిలోమీటర్లు అని చూపింది. "బ్యాటరీ మార్చినం సార్, అందుకనే" అన్నాడు అమ్మేవాడు. బ్యాటరీ తీసినా చాలా బండ్లలో ఇదే జరుగుతుంది కాబట్టి అది అబద్ధమని నేను చెప్పలేను. రెండు రోజులు నడిపి మళ్లీ చూస్తామంటే ఆయన ఒప్పుకోలేదు. మిత్రుడు వెనక్కి తిరిగాడు.

ఈ జ్ఞానమంతా ఉండి కూడా నేను ఫిబ్రవరిలో చేసిన పని ఇప్పుడు చెప్పాలి.

గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఔటర్ రింగు రోడ్డు మీద వెళ్తుండగా మళ్లీ ఇంజిన్ బొమ్మ వెలిగింది. కోడ్ పీ0171. ఇంజిన్‌కు అందుతున్న మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని, దాన్ని సరిదిద్దబోయి కంప్యూటరు తన హద్దు దాకా వెళ్లిందని దీని భావం. బండిలో తేడా పెద్దగా తెలియలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ కాస్త తగ్గినట్టు ఉండేదంతే. అలవాటు ప్రకారం చెరిపేశాను. వారానికి మళ్లీ వచ్చింది. మళ్లీ చెరిపాను. యాప్‌లోని వివరణలో సాధ్యమైన కారణాల జాబితా ఉంది; అందులో ఆక్సిజన్ సెన్సార్ పైవరుసలో కనిపించింది. రాణిగంజ్‌కు వెళ్లి 3,200 రూపాయలకు దాన్ని కొని, కాలనీ చివర ఉన్న షెడ్డులో 300 ఇచ్చి మార్పించాను. పన్నెండు రోజులు హాయిగా గడిచాయి. పదమూడో రోజు పీ0171 తిరిగి వచ్చింది. సెన్సార్ వాపసు ఇవ్వబోతే దుకాణదారు మాట్లాడకుండా బిల్లు కింద ఉన్న అచ్చు వాక్యాన్ని వేలితో చూపించాడు: కరెంటు సామాను ఒకసారి అమ్మాక తిరిగి తీసుకోబడదు.

గాలి ఎక్కువైందని ఆ సెన్సారే చెబుతుంది కాబట్టి తప్పు దానిదేనని అనుకున్నాను. పప్పులో ఉప్పు లేదన్న అతిథిని పంపేసి, వేరే అతిథిని పిలిచి, అదే పప్పు వడ్డించాను.

అప్పుడు ఒక సహోద్యోగి సలహా మీద మూసాపేటలోని ఒక షెడ్డుకు వెళ్లాను. రేకుల కప్పు, రెండు బండ్లకు సరిపడా స్థలం, గోడకు వేలాడే రించీలు. అక్కడి పెద్దాయనను అందరూ ఉస్తాద్ అంటారు. నా చేతిలో ఫోను, పరికరం చూసి నవ్వకుండా, "కోడ్ ఏం వచ్చింది, ఎప్పుడు వచ్చింది?" అని అడిగాడు. చెప్పాను. "ఫ్రీజ్ ఫ్రేమ్ చూపియ్యండి సార్" అన్నాడు. కోడ్ నమోదైన క్షణంలో బండి వేగమెంత, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత లోడ్ మీద ఉంది, నీళ్ల వేడి ఎంత, పెట్రోలు దిద్దుబాటు ఎంత అన్నవన్నీ కంప్యూటరు ఫోటో తీసినట్టు దాచుకుంటుంది. దాని పేరే ఫ్రీజ్ ఫ్రేమ్. బయలుదేరే ముందే కోడ్ చెరిపి వచ్చానని చెప్పాను.

"అయ్యో, ఎందుకు కొట్టేసిన్రు సార్? బండి చెప్పేది ఇనకముందే దాని నోరు మూసిన్రు. ఇప్పుడు నన్నడిగితే నేనేం చెప్పాలె?"

ఆయన ఆ రోజు బానెట్ కూడా ఎత్తలేదు. డబ్బులు తీసుకోలేదు. మళ్లీ దీపం వచ్చేదాకా మామూలుగా నడుపుకోమని, వచ్చాక దేన్నీ ముట్టుకోకుండా తీసుకురమ్మని పంపేశాడు. ఊరకే పంపించినందుకు నాకు మొదట చిరాకు కలిగింది. 850 రూపాయలు తీసుకుని రెండు నిమిషాల్లో పంపినవారి మీద కూడా అంత చిరాకు కలగలేదు. అయిదో రోజు దీపం వచ్చింది. ఈసారి చెరపకుండా ఫ్రీజ్ ఫ్రేమ్ తెరిచాను: వేగం 88 కిలోమీటర్లు, 2,900 చుట్లు, లోడ్ 81 శాతం, నీళ్ల వేడి 92 డిగ్రీలు, తాత్కాలిక దిద్దుబాటు 11 శాతం, స్థిర దిద్దుబాటు 17 శాతం ఎక్కువ. మూడుసార్లు నేను చెరిపేసింది బహుశా ఈ అంకెలనే.

ఈ దిద్దుబాటు అంకెలను అర్థం చేసుకుంటే పరికరం విలువ రెట్టింపు అవుతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఎంత గాలి లోపలికి వెళ్తోందో లెక్కగట్టి, దానికి తగిన పెట్రోలు పోయించి, సైలెన్సరు దగ్గరి ఆక్సిజన్ సెన్సారు చెప్పిన ఫలితాన్ని బట్టి కంప్యూటరు క్షణక్షణం ఆ పెట్రోలును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. అప్పటికప్పుడు చేసే సవరణ తాత్కాలిక దిద్దుబాటు. అది ఒకే వైపు మొగ్గుతూ ఉంటే దాన్ని నేర్చుకుని ఖాతాలో వేసుకునేది స్థిర దిద్దుబాటు. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే ఇంజిన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. బండిని బట్టి మారుతుంది గానీ, ఇరవై అయిదు శాతం దరిదాపులకు చేరేసరికి కంప్యూటరు చేతులెత్తేసి పీ0171 రాస్తుంది.

ఎంత ఎక్కువ అన్నదానికంటే ఏ పరిస్థితిలో ఎక్కువ అన్నదే అసలు ఆధారం. ఎక్కడో రబ్బరు గొట్టం పగిలి దొంగగాలి లోపలికి వస్తోందనుకుందాం. గాలిని నేరుగా కొలిచే సెన్సారు ఉన్న ఇంజిన్లలో అది నిలబడి ఉన్నప్పుడు పెద్ద దిద్దుబాటుగా కనిపించి, రేజ్ చేసేకొద్దీ తగ్గిపోతుంది; ఎందుకంటే ఇంజిన్ పీల్చే మొత్తం గాలిలో ఆ చిల్లు వాటా చిన్నదైపోతుంది. పెట్రోలే సరిగా అందకపోతే అందుకు విరుద్ధంగా, నిలబడి ఉన్నప్పుడు అంతా బాగానే ఉండి, బరువు పడేకొద్దీ దిద్దుబాటు పెరుగుతుంది. ఉస్తాద్ నా పక్క సీటులో కూర్చుని నా ఫోనే పట్టుకున్నాడు. షెడ్డు ముందు ఆపి ఉంచినప్పుడు స్థిర దిద్దుబాటు 5 శాతం. అక్కడే 2,500 చుట్లకు రేజ్ చేస్తే 8. భరత్‌నగర్ ఫ్లైఓవర్ మీదికి మూడో గేరులో, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కకుండా నిదానంగా ఎక్కించమన్నాడు. 14, 18, 22 అని అంకెలు మా కళ్ల ముందే ఎక్కాయి. పూర్తిగా తొక్కితే కంప్యూటరు సెన్సారు మాట వినడం మానేసి తన పట్టిక ప్రకారం పెట్రోలు పోస్తుందని, అప్పుడు ఈ అంకెలకు అర్థం ఉండదని దిగేటప్పుడు చెప్పాడు.

వెనక్కి వచ్చాక మొదట ఆక్సిజన్ సెన్సారు వోల్టేజీ చూశాడు. ఒక్కసారి రేజ్ చేసి వదిలితే 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చురుగ్గా పైకీ కిందికీ ఆడింది. "ఇది మస్తుగ పని చేస్తుంది. పాతది కూడా పని చేసే ఉంటది" అన్నాడు, ఆ రెండో వాక్యం అనకపోయినా బాగుండేది. తర్వాత పెట్రోలు పైపుకు ప్రెషర్ గేజి బిగించాడు. ఊరికే నిలబడి ఉన్నప్పుడు 3.4 బార్. వరుసగా రేజ్ చేస్తుంటే ముల్లు 2.5 దాకా దిగజారింది. నిలకడగా ఉండవలసిన ఒత్తిడి అది. పంపు అలసిపోయిందా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్నది తెరిచి చూస్తే తప్ప తెలియదన్నాడు. ఇక్కడికి వచ్చేసరికి నా పెట్టెకు గానీ, లక్షల ఖరీదు చేసే స్కానరుకు గానీ చూపు ఆనదు.

మా బండిలో ఫిల్టరు పెట్రోలు ట్యాంకులోని పంపుతో కలిసే ఉంటుంది. వెనక సీటు ఎత్తి, దాని కింద మూత విప్పే ముందు ఉస్తాద్ బ్యాటరీ తీగ ఊడదీయించాడు, పైపులోని ఒత్తిడి తీసేయించాడు, షెడ్డు గుమ్మంలో సిగరెట్ కాలుస్తున్న మనిషిని రోడ్డు అవతలికి పంపించాడు. ఇంట్లో చేసుకోదగిన పని కాదది. కాయిల్ మార్చిన ధైర్యంతో దీని జోలికి పోవద్దు. బయటికి వచ్చిన జల్లెడ తెల్లగా ఉండవలసింది, టీ వడగట్టిన గుడ్డలా ఉంది. ఫిల్టరుకు 1,700, మజూరీ 700 తీసుకున్నాడు. పంపు బాగానే ఉందని, దాన్ని మార్చనవసరం లేదని తనంతట తానే చెప్పాడు. మళ్లీ గేజి పెట్టి రేజ్ చేస్తే ముల్లు 3.4 దగ్గర నుంచి దాదాపు కదలలేదు.

బ్యాటరీ తీగ తీసి పెట్టినా మా బండిలో కోడ్ పోలేదు. దీపం వెలుగుతూనే ఉంది. చెరపనా అని ఫోను తీశాను. ఉస్తాద్ చేత్తో వారించాడు. "ఉండనియ్యండి. అదే ఆరిపోతది. ఆరితే పని అయినట్టు, ఆరకపోతే నా దగ్గరికి మళ్ల రండి." తప్పు వచ్చిన పరిస్థితుల్లోనే వరుసగా మూడు ప్రయాణాలు తప్పు లేకుండా సాగితే కంప్యూటరు దీపాన్ని తానే ఆర్పుతుంది, కోడ్ మాత్రం ఇంజిన్ నలభైసార్లు చల్లారి వేడెక్కేదాకా జ్ఞాపకంలో ఉంటుంది.

రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తూ స్థిర దిద్దుబాటు చూసేవాణ్ణి. 15, 11, 7, 4. దీపం అలాగే ఉంది. కాలనీలోనివాళ్లు అడిగారు, ఆర్పుకోవచ్చు కదా, మీ దగ్గర మిషను ఉంది కదా అని. ఆదివారం ఉదయం శంషాబాద్ దాకా ఊరికే వెళ్లి వచ్చాను. సోమవారం పని ఉందని కల్పించుకుని మళ్లీ వెళ్లాను. బుధవారం ఔటర్ రింగు రోడ్డు ఎక్కడానికి గచ్చిబౌలి దగ్గర ఆగి, బండి ఆపి, తిరిగి తాళం తిప్పాను. బొమ్మలన్నీ ఒకసారి వెలిగి, ఒక్కొక్కటిగా ఆరిపోయాయి. ఇంజిన్ బొమ్మ కూడా ఆరింది. పరికరం ఆ సమయంలో కళ్లజోడు పెట్టెలో ఉంది.